భుజం విరిగితే ముందు ముక్కలు లెక్కపెట్టించండి

భుజం దగ్గర ఎముక విరిగిందని తెలిస్తే చాలు, మన గదుల్లో రెండు పార్టీలు తయారవుతాయి. "ఆపరేషన్ చేయించేసుకో, ప్లేటు వేస్తే నెలలో పనిలోకి పోవచ్చు" అంటుంది ఒక పార్టీ. "కత్తి పెట్టనివ్వకు, టికెట్ తీసుకుని ఊరికెళ్ళి పుత్తూరు కట్టు వేయించుకో" అంటుంది రెండో పార్టీ. ఈ రెండు పార్టీల్లోనూ ఎక్స్‌రే చూసినవాడు ఒక్కడూ ఉండడు. దెబ్బ తగిలినవాడు మాత్రం మధ్యలో కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాట వింటాడు.

నేను డాక్టర్ని కాను. ఇంటర్ చదివి, ఇక్కడ సన్నీవేల్‌లో ఒక ఆఫీసులో కాగితాలు చూసుకునే గుమాస్తాని. దెబ్బలు తగిలినవాళ్ళ ఫారాలు, డాక్టర్ల రిపోర్టులు, సెలవు చీటీలు నా బల్ల మీదుగా పోతుంటాయి. "అన్నా, ఇందులో ఏం రాశారో కాస్త చెప్పు" అని మనవాళ్ళు అడుగుతుంటారు. అలా అడిగినప్పుడల్లా చదివి, తెలిసినవాళ్ళను అడిగి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ఒక్కటే. ఆపరేషనా, కట్టా అని వాదించుకునే ముందు ఎముక ఎన్ని ముక్కలైంది, ఆ ముక్కలు ఎంత జరిగాయి అన్నది తెలుసుకోవాలి. ఆ లెక్క తేలితే సగం గొడవ తీరిపోతుంది. మిగతా సగం మన చేతుల్లో ఉంది: చెప్పిన రోజు నుంచి చెయ్యి కదపడం, దెబ్బను మొదటి రోజే కాగితం మీద పెట్టించడం.

ఎవరికి విరుగుతుంది?

జబ్బ ఎముకను కొన్ని ఊళ్ళలో దండ ఎముక అంటారు. దాని పై కొస భుజం గిన్నెలో బంతిలా కూర్చుని తిరుగుతుంది. ఆ బంతి దగ్గర, లేదా దాని కింద సన్నబడే చోట విరగడం గురించే ఈ వ్యాసం. ఎక్కువగా ఇది పెద్ద వయసు ఆడవాళ్ళకు వస్తుంది. ఎముక పలచబడి ఉంటుంది కాబట్టి నిలబడిన చోటు నుంచి పడినా చాలు. పిల్లల పురుళ్ళకో, మనవళ్ళను చూసుకోవడానికో సందర్శక వీసా మీద సన్నీవేల్ వచ్చిన మన అమ్మలు బాత్‌రూములో జారినా, అపార్ట్‌మెంట్ మెట్ల మీద చీర తట్టుకుని పడినా విరిగే ఎముకల్లో ఇదొకటి.

వయసులో ఉన్న మగవాళ్ళకైతే గట్టి దెబ్బ తగిలితేనే విరుగుతుంది. కిరాణా కొట్టు వెనక గదిలో నిచ్చెన మీద నుంచి బియ్యం బస్తాతో సహా పడటం, హోటల్ వంటగదిలో నూనె మీద జారడం, స్కఫోల్డింగ్ మీద నుంచి పడటం, సైకిల్ మీద పోతుంటే కారు తగలడం. ఈ పేపరు గల్ఫ్ క్యాంపుల్లో ఉన్నవాళ్ళూ చదువుతారు. వాళ్ళకు పైబంకు మంచం సంగతి చెప్పక్కర్లేదు. నిద్రమత్తులో అర్ధరాత్రి దిగబోయి భుజం మీద పడితే ఈ ఎముకకే ముప్పు.

పడిన రెండు మూడు రోజులకు జబ్బ నుంచి మోచేతి దాకా, ఒక్కోసారి రొమ్ము పక్కకు కూడా నల్లగా కమిలిపోతుంది. అది చూసి మనవాళ్ళు హడలిపోతారు. లోపల కారిన రక్తం కిందికి దిగడం వల్ల అలా అవుతుంది, వారాల్లో తగ్గుతుంది. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. చెయ్యి చల్లబడి పాలిపోవడం, వేళ్ళు తిమ్మిరెక్కి కదలకపోవడం, మణికట్టు పైకి లేవకపోవడం, భుజం గుండ్రం పోయి పలకలా కనిపించడం, ఎముక చర్మం చీల్చుకుని బయటికి రావడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. అంబులెన్సు పిలవాలి. భుజం బయటి వైపు అరచేతి వెడల్పున స్పర్శ తెలియకపోతే అదీ డాక్టరుకు చెప్పాలి. ఆ పక్కనుంచి పోయే నరం నలిగిందేమో వాళ్ళు పరీక్ష చేస్తారు. నలిగిన నరం చాలామందికి నెలల్లో కోలుకుంటుంది.

గదిలో ఎవరైనా "గుంజితే సర్దుకుంటుంది" అని చెయ్యి లాగబోతే ఒప్పుకోకండి. నూనె పెట్టి మర్దనా చెయ్యనివ్వకండి. ఒక తువ్వాలుతో చేతిని మెడకు వేలాడదీసి ఆసుపత్రికి తీసుకుపోవడం ఒక్కటే తోటివాళ్ళు చెయ్యాల్సిన పని.

నాలుగు ముక్కల లెక్క

1934లో అమెరికాలో బోస్టన్ డాక్టరు ఎర్నెస్ట్ కాడ్‌మన్ భుజం మీద ఒక పుస్తకం రాశాడు. ఈ ఎముక విరిగినప్పుడు నాలుగు చోట్ల విడిపోతుందని అందులో చెప్పాడు. చిన్నప్పుడు ఎముక పెరిగే గీతలు ఎక్కడ ఉంటాయో దాదాపు అక్కడే విడిపోతుందట. 1970లో న్యూయార్కు డాక్టరు చార్లెస్ నీర్ దాని మీద ఒక లెక్క కట్టాడు. యాభై ఏళ్ళు దాటినా అమెరికాలోనూ, హైదరాబాదులోనూ, దుబాయ్‌లోనూ డాక్టర్లు ఆ లెక్కే వాడుతున్నారు.

నాలుగు భాగాలు ఏవంటే: ఒకటి బంతి. రెండు పెద్ద బుడిపె, చెయ్యి పైకెత్తే కండరాలు పట్టుకునే చోటు. మూడు చిన్న బుడిపె, చేతిని లోపలికి తిప్పే కండరం పట్టుకునే చోటు. నాలుగు కాడ, అంటే కింది పొడుగు ఎముక. ఏదైనా భాగం దాని చోటు నుంచి ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ జరిగినా, 45 డిగ్రీల కంటే ఎక్కువ వంగినా దాన్ని వేరే ముక్క కింద లెక్కేస్తారు. అంతకంటే తక్కువైతే లెక్కలోకి రాదు.

మనవాళ్ళు తికమక పడేది ఇక్కడే. ఎక్స్‌రేలో మూడు నాలుగు గీతలు కనపడగానే "ఎముక నుజ్జయిపోయింది" అని ఊరికి ఫోన్ చేసి ఏడిపిస్తారు. నీర్ లెక్క ప్రకారం గీతలెన్ని ఉన్నా ముక్కలు జరగకపోతే అది "ఒక ముక్క" విరుగుడే. కండరాలూ, పైపొరా వాటిని పట్టుకునే ఉన్నాయని అర్థం. అది మెడకు పట్టీతోనే నయమయ్యే రకం. గీత ఒక్కటే ఉన్నా కాడ పూర్తిగా పక్కకు పోతే అది "రెండు ముక్కల" విరుగుడు, దాని గురించి ఆలోచించాలి. బంతి, కాడ, ఒక బుడిపె విడిపోతే మూడు ముక్కలు. అన్నీ విడిపోతే నాలుగు. నాలుగు ముక్కలైనప్పుడు బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ. బంతి గిన్నెలోంచి బయటికి కూడా వచ్చేస్తే అది ఇంకా తొందరగా చూడాల్సిన సంగతి.

కాబట్టి డాక్టరు ముందు కూర్చున్నప్పుడు రెండే ప్రశ్నలు అడగండి. "ఎన్ని ముక్కలు? ఎంత జరిగాయి?" ఒక వైపు నుంచి తీసిన ఎక్స్‌రే సరిపోదు. ఎదురు నుంచి, పక్క నుంచి, వీలైతే చంక వైపు నుంచి కూడా తీస్తారు. అప్పటికీ తేలకపోతే సి.టి. స్కాన్ తీస్తారు. ఈ లెక్కలోనూ తేడాలొస్తాయి. ఒకే ఎక్స్‌రే చూసి పెద్ద డాక్టర్లు కూడా ముక్కల సంఖ్య వేరువేరుగా చెబుతారని 1993లో అచ్చయిన పరిశోధనల్లో తేలింది. అందుకే ఆపరేషన్ అన్నప్పుడు ఇంకో డాక్టరు మాట అడగడం మొదటి డాక్టర్ని అవమానించడం కాదు. మీ ఎక్స్‌రేల సి.డి. అడిగి తీసుకోండి.

ఆపరేషన్ ఎవరికి?

మన ప్రాంతంలో ఒక నమ్మకం ఉంది. ఖర్చు ఎక్కువైతే వైద్యం గొప్పది, ఊరికే పట్టీ వేసి పంపితే డాక్టరు పట్టించుకోలేదని. మెడకు పట్టీ వేసి పంపారని ఆసుపత్రిని తిట్టినవాళ్ళను చూశాను. ఈ నమ్మకం తప్పని గట్టి పరీక్షతోనే తేలింది. బ్రిటన్‌లో ఈ ఎముక విరిగి ముక్కలు జరిగిన 250 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్, ఇంకో జట్టుకు పట్టీ, కసరత్తు. రెండేళ్ళ తర్వాత చూస్తే రెండు జట్ల చేతులూ చెప్పుకోదగ్గ తేడా లేకుండా పనిచేస్తున్నాయి. ఇది 2015లో అచ్చయింది.

అలాగని "ఆపరేషన్ ఎవరికీ అక్కర్లేదు" అని ఎగిరి గంతెయ్యకండి. ఆ 250 మంది సగటు వయసు 66 దగ్గర ఉంది. బంతి గిన్నెలోంచి బయటపడ్డవాళ్ళను, ఆపరేషన్ తప్పదని ముందే తెలిసినవాళ్ళను అందులో చేర్చలేదు. ముప్పై ఏళ్ళకు స్కఫోల్డింగ్ మీద నుంచి పడ్డవాడి సంగతి వేరు. ఎముక బయటికొస్తే, రక్తనాళం దెబ్బతింటే, బంతి రెండుగా చీలితే ఆపరేషనే దారి. పెద్ద బుడిపె పైకి జరిగితే చెయ్యి ఎత్తినప్పుడల్లా పై ఎముకకు తగులుతుంది. పెయింటింగ్, ఎలక్ట్రికల్, ఏసీ డక్టు పనివాళ్ళు చెయ్యి తల మీదికి ఎత్తకుండా బతకలేరు. అలాంటివాళ్ళకు అది అర సెంటీమీటరు జరిగినా ఆపరేషన్ గురించి ఆలోచించే డాక్టర్లు చాలామంది ఉన్నారు. అందుకే మీరు చేసే పని ఏంటో డాక్టరుకు విడమర్చి చెప్పండి. "కంపెనీలో వర్కు" అంటే ఆయనకేం తెలుస్తుంది? "రోజుకు పది గంటలు చేతులు పైకెత్తి పని" అని చెప్పండి.

ఆపరేషన్ అంటే అందరికీ ఒకటే కాదు. వయసులో ఉన్నవాళ్ళకు ముక్కలు చేర్చి ప్లేటు, స్క్రూలు వేస్తారు. కొందరికి ఎముక లోపల రాడ్డు వేస్తారు. ముక్కలు బాగా చెదిరిన డెబ్భై ఏళ్ళ పెద్దవాళ్ళకు కీలు మారుస్తారు. ఈ రోజుల్లో వాళ్ళకు బంతిని గిన్నె వైపు, గిన్నెను చెయ్యి వైపు పెట్టే తిరగేసిన కీలు ఎక్కువగా వేస్తున్నారు. ప్లేటు వేశారు కదా అని నెలలో బస్తాలు మొయ్యలేరు. ప్లేటు ముక్కల్ని పట్టుకుంటుంది, ఎముక అతుక్కోవడానికి మాత్రం దాని వారాలు దానికి కావాలి. స్క్రూ బంతిలోంచి పొడుచుకు రావడం, చీము పట్టడం లాంటి తిప్పలు ఆపరేషన్‌కు కూడా ఉన్నాయి.

పుత్తూరు కట్టు గురించి

పుత్తూరు కట్టును వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. తిరుపతి జిల్లా పుత్తూరు దగ్గర తరతరాలుగా ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలతో కట్టు వేస్తున్నారు. ఆసుపత్రి అంటే ఆస్తి అమ్ముకోవాల్సిన మన ఊళ్ళలో బీదాబిక్కీకి అదే దిక్కయింది. ముంజేతి ఎముక విరిగితే దబ్బలు రెండు పక్కలా పెట్టి కదలకుండా కట్టొచ్చు. భుజం దగ్గర ఆ వీలు లేదు. బంతి గిన్నెలో, కండరాల లోతులో ఉంటుంది. దాని పైనా కిందా దబ్బ పెట్టే చోటే లేదు. గట్టిగా బిగించి కడితే రక్తం ఆగుతుంది, నరం నలుగుతుంది. చేతిని రొమ్ముకు కలిపి నెలన్నర కట్టేస్తే ఎముక అతుక్కున్నా భుజం బిగుసుకుపోతుంది.

దానికంటే పెద్ద నష్టం కాలం. ఆపరేషన్ అవసరమైనవాళ్ళకు మొదటి ఒకటి రెండు వారాల్లో చేస్తే ముక్కలు తేలిగ్గా చేరతాయి. మూడు వారాలు దాటితే అవి వంకర చోటే అతుక్కోవడం మొదలుపెడతాయి. సేఠ్ దగ్గర సెలవు, టికెట్, ప్రయాణం, ఊళ్ళో చుట్టాలు అన్నీ అయ్యేసరికి ఆ మూడు వారాలు గడిచిపోతాయి. ఊరికి పోవాలనుకుంటే పొండి. ఎక్స్‌రే తీయించి, ముక్కల లెక్క తెలుసుకుని, రిపోర్టు చేతిలో పెట్టుకుని పొండి.

అసలు మందు కదలిక

భుజం కీలుకు ఒక చెడ్డ గుణం ఉంది. కదపకపోతే తుప్పు పట్టిన తలుపు బందులా బిగుసుకుంటుంది. ఎముక చక్కగా అతుక్కుని, జడ వేసుకోవడానికి చెయ్యి లేవని అమ్మలు, పై అరలోంచి డబ్బా తియ్యలేని తమ్ముళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళను దెబ్బతీసింది చాలావరకు భయం. "కదిపితే మళ్ళీ విరుగుతుంది" అన్న భయం.

ముక్కలు జరగని విరుగుడుకు డాక్టర్లు మామూలుగా చెప్పే లెక్క ఇలా ఉంటుంది. మీ డాక్టరు వేరేగా చెబితే ఆయన మాటే వినండి.

మొదటి రోజు నుంచే వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి కదపాలి. పట్టీ రెండు మూడు వారాలు ఉంటుంది. రాత్రి వెల్లకిలా పడుకుంటే నొప్పి చంపుతుంది. వీపు కింద దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టు పడుకోవాలి. పైబంకు వాళ్ళు కింది బంకు వాళ్ళతో మంచం మార్చుకోవాలి. కింది బంకు అన్న ఎవరైనా సరే, ఈ మాత్రం సాయం చెయ్యండి.

వారం, పది రోజుల తర్వాత డాక్టరు సరేనంటే లోలకం కసరత్తు మొదలుపెట్టాలి. నడుము ముందుకు వంచి, మంచి చేత్తో బల్ల పట్టుకుని, దెబ్బ తగిలిన చేతిని గడియారం లోలకంలా వేలాడదీసి చిన్న సున్నాలు చుట్టాలి. ఈ కసరత్తుకు కూడా ఆ కాడ్‌మన్ పేరే పెట్టారు. మొదటి రెండు వారాల్లో మళ్ళీ ఎక్స్‌రే తీసి ముక్కలు జరగలేదని చూసుకోవాలి. ఆ అపాయింట్‌మెంటు ఎగ్గొట్టకండి.

ఆరు వారాల దగ్గర ఎక్స్‌రేలో అతుకు కనపడితే చేతిని దాని బలంతోనే ఎత్తడం మొదలవుతుంది. మూడు నెలల దగ్గర బలం పెంచే కసరత్తు. బరువు మోసే పనికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఏడాది దాకా ఇంకా బాగుపడుతూనే ఉంటుంది. సిగరెట్, గుట్కా మానండి, పొగాకు ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది. చిన్న జారుడుకే విరిగిన యాభై దాటిన అమ్మలకు ఎముక గట్టిదనం పరీక్ష చేయించండి. ఈసారి భుజం విరిగిందంటే వచ్చేసారి తుంటికి ముప్పు ఉందని హెచ్చరిక.

కాగితం లేకపోతే దెబ్బ లేదు

ఇక నా బల్ల మీది సంగతి. పనిలో పడినవాళ్ళు చాలామంది మొదటి రోజు నోరు మెదపరు. "ఉద్యోగం పోతుంది, వీసా గొడవ అవుతుంది" అని మింగేస్తారు. రెండు నెలల తర్వాత చెయ్యి లేవనప్పుడు చెబితే "ఇంట్లో పడ్డావేమో" అంటారు.

కాలిఫోర్నియా చట్టం ఇలా ఉంది. దెబ్బ తగిలిన 30 రోజుల్లో యజమానికి రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పిన మరుసటి పనిదినానికల్లా ఆయన డి.డబ్ల్యు.సి.-1 అనే ఫారం ఇవ్వాలి. అది నింపి ఇచ్చాక, ఒప్పుకుంటారో లేదో తేలేలోగా కూడా 10,000 డాలర్ల దాకా వైద్యానికి అనుమతివ్వాలి. 90 రోజుల్లో కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. పనికి పోలేని రోజులకు మామూలుగా జీతంలో మూడింట రెండు వంతులు ఇస్తారు, దానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది. వీసా ఏదైనా, అసలు కాగితాలే లేకపోయినా ఈ హక్కు ఉంది. ఫారం అడిగినందుకు ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. శాన్ హోసేలో ప్రభుత్వ కార్యాలయం ఉంది, అక్కడ సలహాకు డబ్బు తీసుకోరు.

ఎమర్జెన్సీ గదిలో డబ్బు, ఇన్సూరెన్సు లేదని పరీక్ష చెయ్యకుండా పంపకూడదని 1986 నుంచి అమెరికా చట్టం ఉంది. బిల్లు తర్వాత వస్తుంది. అది చూసి పారిపోకుండా ఆసుపత్రిలో ఛారిటీ కేర్ ఫారం అడగండి. కాలిఫోర్నియాలో తక్కువ ఆదాయం వాళ్ళకు తగ్గింపు ఇచ్చే పద్ధతి ప్రతి ఆసుపత్రికీ ఉండాలి. తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని అడగండి, దానికి మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళు విమానం టికెట్‌తో పాటు సందర్శకుల ఇన్సూరెన్సు కూడా తీసుకోండి. చవక పాలసీలో ఒక్కో ఖర్చుకు ఎంత ఇస్తారో చదివి తీసుకోండి.

గల్ఫ్‌లో ఉన్న సోదరులకు కూడా చట్టం ఉంది. యు.ఏ.ఈ., ఖతార్, కువైట్ కార్మిక చట్టాల ప్రకారం పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు యజమానిది. మొదటి ఆరు నెలలు పూర్తి జీతం, తర్వాత సగం జీతం. యు.ఏ.ఈ.లో ఆ సగం జీతం ఇంకో ఆరు నెలల దాకా. సౌదీలో లెక్క వేరు. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు మీద పోయినవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా దాని కింద 10 లక్షల రూపాయలు. ఆ పాలసీ కాగితం ఎక్కడుందో ఈ రోజే వెతికి, ఫోటో తీసి ఇంటికి పంపండి.

ఎక్కడున్నా మూడు కాగితాలు దాచుకోండి: మొదటి రోజు ఎక్స్‌రే రిపోర్టు, దెబ్బ ఎలా తగిలిందో రాసిన ఫారం, ఏ పని చెయ్యకూడదో డాక్టరు రాసిన చీటీ. "చెయ్యి భుజం పైకి ఎత్తకూడదు, ఇంత బరువు మించి మొయ్యకూడదు" అని ఆ చీటీలో స్పష్టంగా రాయించుకోండి. సూపర్‌వైజర్ తొందరపెట్టినప్పుడు మీ తరపున మాట్లాడేది ఆ చీటీ ఒక్కటే.

చివరిగా మేస్త్రీలకు, గది పెద్దలకు ఒక మనవి. మీ మాట అందరూ వింటారు. ఎవరైనా భుజం మీద పడితే ఆపరేషన్ అనో, కట్టు అనో తీర్పు చెప్పకండి. ఆ రోజే ఎక్స్‌రేకు పంపండి, ఆ రోజే ఫారం రాయించండి. రెండో వారం నుంచి లోలకం కసరత్తు చేస్తున్నాడో లేదో రోజూ అడగండి. ఇంటికి డబ్బు పంపేది ఆ చెయ్యే. ఆ చెయ్యి మళ్ళీ తల పైకి లేవాలంటే ఇంటిల్లిపాదీ పెట్టే దణ్ణాలతో పాటు ఈ మూడు పనులూ జరగాలి.